మోటార్‌సైకిల్ క్లబ్బుల్లో ఏది ఎవరికి సరిపోతుంది: కార్యక్రమాలను బట్టి ఒక పోలిక

మోటార్‌సైకిల్ క్లబ్బులో చేరాలనుకునే వారిలో చాలామంది మొదట చూసేది ఆ క్లబ్బు సభ్యులు ఏ బండ్లు నడుపుతున్నారన్నది. అది సహజమే గాని, ఎంపికకు అది చాలదు. ఒకే రకం బండి ఉన్న ఇద్దరిలో ఒకరు తెల్లవారకముందే బయలుదేరి రోజంతా దూరం పోవాలని కోరుకుంటారు. మరొకరు అదే బండి ఇంజిను విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడంలోనే తృప్తి పొందుతారు. వీరిద్దరూ ఒకే క్లబ్బులో చేరితే కొన్ని నెలల్లోనే ఎవరో ఒకరు రావడం మానేస్తారు. అందువల్ల క్లబ్బులను అవి ఏడాది పొడవునా చేసే పనులను బట్టి పోల్చుకోవాలి. ఆ పనులు కూడా ఒకేలా ఉన్న రెండు క్లబ్బుల మధ్య తేల్చుకోవలసి వస్తే, గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిపే వ్యక్తిని ఏ క్లబ్బు బాగా చూసుకుంటుందో ఆ క్లబ్బునే ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. దానికి కారణాలు కింద వివరిస్తాను.

దూర ప్రయాణాల క్లబ్బులు

ఎక్కువగా కనిపించేవి ఇవే, కొత్తవారు ముందుగా వెళ్ళేదీ వీటికే. బయటి నుంచి చూస్తే అన్నిటి కార్యక్రమమూ ఒకటే: ఒక చోట కలుసుకోవడం, కలిసి వెళ్ళడం, తిరిగి రావడం. దగ్గరగా చూస్తే మాత్రం ఒక క్లబ్బుకూ మరో క్లబ్బుకూ పొంతన ఉండదు, ఎందుకంటే ఇరవై బండ్లను ఒకే దారిలో క్షేమంగా నడిపించడం ఒక విద్య, ఆ విద్యను కొన్ని క్లబ్బులు శ్రద్ధగా నేర్చుకుంటాయి, కొన్ని అసలే పట్టించుకోవు.

గుంపు ప్రయాణంలో చిక్కంతా చివరి బండి దగ్గర ఉంటుంది. ముందున్న వ్యక్తి మలుపు దాటి వేగం పెంచే సమయానికి చివరి వ్యక్తి ఇంకా మలుపులోకి ప్రవేశించి కూడా ఉండరు. మధ్యలో పెరిగిన ఎడాన్ని పూడ్చుకోవడానికి వారు ముందు బండి కంటే వేగంగా వెళ్ళాలి, తరువాతి మలుపు దగ్గర అంతకంటే గట్టిగా బ్రేకు వేయాలి. గుంపు పొడవు పెరిగిన కొద్దీ ఈ హెచ్చుతగ్గులు కూడా పెరుగుతాయి. ముందు బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా పోతున్నా, చివరి వ్యక్తి 90 దాటి వెళ్ళవలసిన పరిస్థితి ఇలాగే ఏర్పడుతుంది. కాబట్టి "మీరు కొత్తవారు, నెమ్మదిగా వెనక రండి" అని చెప్పే క్లబ్బు మర్యాదగా మాట్లాడుతున్నట్టే కనిపించినా, అనుభవం లేని వ్యక్తిని అందరికంటే కష్టమైన స్థానంలో పెడుతున్నది. విషయం తెలిసిన క్లబ్బులు కొత్తవారిని లీడ్ రైడర్ (అందరికంటే ముందుండి దారి చూపే వ్యక్తి) వెనకనే, రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉంచి, వారికి అలవాటైన వేగాన్నే గుంపు వేగంగా పెట్టుకుంటాయి. చివరి స్థానంలో స్వీప్‌గా బాగా అనుభవమున్న వ్యక్తిని, పంక్చరు సామగ్రితోనూ ప్రథమ చికిత్స పెట్టెతోనూ ఉంచుతాయి. క్లబ్బుతో మొదటిసారి వెళ్ళిన రోజున మిమ్మల్ని ఏ స్థానంలో నడపమన్నారో గుర్తుపెట్టుకోండి. ఆ క్లబ్బు గురించి మీకు కావలసిన సమాచారంలో సగం అందులోనే దొరుకుతుంది.

బండ్ల మధ్య ఎడం కూడా గమనించవలసిందే. సాధారణంగా అనుసరించే పద్ధతిలో బండ్లు రెండు వరుసలుగా, ఒకటి తమ లేనులో ఎడమ వైపున, తరువాతిది కుడి వైపున నడుస్తాయి. పక్క వరుసలో ముందున్న బండికి కనీసం ఒక సెకను, సొంత వరుసలో ముందున్న బండికి కనీసం రెండు సెకన్ల దూరం పాటిస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది కనుక రెండు సెకన్లంటే సుమారు 44 మీటర్లు, అంటే చాలామంది ఊహించుకునే దానికంటే చాలా ఎక్కువ. మలుపులు మొదలైన చోట ఈ రెండు వరుసలూ విడిపోయి అందరూ ఒకే వరుసలోకి రావాలి, ఎందుకంటే మలుపులో ప్రతి ఒక్కరికీ లేను వెడల్పంతా అవసరమవుతుంది. బండ్లు ఎక్కువగా ఉంటే అయిదు నుంచి ఏడు బండ్ల చొప్పున చిన్న గుంపులుగా విడదీయడం మంచి అలవాటు. నలభై బండ్లు ఒకే బారుగా వెళ్తున్న ఫొటో చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, నన్నడిగితే అది ఆ క్లబ్బు నిర్వహణకు మంచి గుర్తు కాదు.

కొన్ని క్లబ్బులు ఇంకొక పద్ధతి పాటిస్తాయి, దాన్ని నేను అన్నిటికంటే మేలైనదిగా భావిస్తాను. దారి చీలే ప్రతి కూడలి దగ్గరా లీడ్ రైడర్ తన వెనకున్న వ్యక్తిని క్షేమమైన చోట ఆపి ముందుకు సాగిపోతారు. ఆ వ్యక్తి వెనక వచ్చే వారందరికీ దారి చూపిస్తూ, స్వీప్ కనిపించేదాకా అక్కడే ఉండి, ఆ తరువాత స్వీప్‌కు ముందు చేరి బయలుదేరుతారు. ఇలా రోజంతా స్థానాలు మారుతూ ఉంటాయి, ప్రతి కూడలిలోనూ మనిషి ఉంటారు కాబట్టి దారి తప్పుతామనే భయంతో ఎవరూ ముందు బండిని తరుముకుంటూ పోనవసరం ఉండదు. ఎవరి వేగంతో వారు నడపవచ్చు. ఈ పద్ధతి పాటించే క్లబ్బు, పాటించని క్లబ్బు రెండూ మీకు అందుబాటులో ఉంటే ఆలోచించవలసిన పని లేదు.

పెట్రోలు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, నిర్వాహకుల శ్రద్ధ అక్కడ కూడా బయటపడుతుంది. ఆగవలసిన చోట్లను గుంపులో అతి తక్కువ దూరం పోగల బండిని బట్టి నిర్ణయించాలి. 12 లీటర్ల ట్యాంకు ఉండి లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండి ఒక్కటి ఉన్నా, 180 కిలోమీటర్ల లోపే అందరూ ఆగాలి.

ఇవన్నీ తీరిక ప్రయాణాల సంగతులు. దూరాన్నే పరీక్షగా తీసుకునే వారి లోకం వేరు. అమెరికాలో మొదలైన ఐరన్ బట్ అసోసియేషన్ ధ్రువీకరించే ప్రయాణాల్లో ప్రాథమికమైనది 24 గంటల్లో 1,000 మైళ్ళు, అంటే సుమారు 1,609 కిలోమీటర్లు. సగటు లెక్కిస్తే అది గంటకు 67 కిలోమీటర్లే. అక్కడ ఫలితం ఆధారపడేది వేగం మీద కాదు, ఆగిన చోట ఎంత తక్కువసేపు ఆగుతామన్న దాని మీద. దారిలో ప్రతి చోటా ఆగి చూడాలనుకునేవారు అటువంటి బృందంలో ఇమడలేరు, అలాగే దూరమే కావలసిన వ్యక్తి తీరిక ప్రయాణాల క్లబ్బులో విసిగిపోతారు. కాబట్టి దూర ప్రయాణాల క్లబ్బును కలిసినప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు వెళ్తారని మాత్రమే అడగకుండా, ఎన్నిసార్లు ఆగుతారని కూడా అడగండి.

ఒకే కంపెనీ బండ్ల క్లబ్బులు, పాత బండ్ల క్లబ్బులు

ఒకే కంపెనీ బండ్ల కోసం ఏర్పడిన క్లబ్బులు రెండు రకాలు. మొదటి రకాన్ని కంపెనీయే నడుపుతుంది. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ 1983లో ప్రారంభించిన హార్లీ ఓనర్స్ గ్రూప్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. రెండో రకాన్ని యజమానులే తమంతట తాము నడుపుకుంటారు. మొదటి దానిలో కార్యక్రమాల పట్టిక సిద్ధంగా ఉంటుంది, ఏర్పాట్లు సజావుగా సాగుతాయి, కానీ క్లబ్బు ఏం చేయాలో నిర్ణయించడంలో సభ్యుల పాత్ర పరిమితం. రెండో దానిలో ఏర్పాట్లు ఒక్కోసారి అటూ ఇటూ అయినా, ఆ బండిలో ఏ భాగం ఎన్ని వేల కిలోమీటర్లకు అరుగుతుందో, ఏ శబ్దానికి అర్థమేమిటో మొహమాటం లేకుండా చెప్పే మనుషులు దొరుకుతారు, ఒక్కొక్కరూ కొనుక్కోవడం దండగ అనిపించే ప్రత్యేక పనిముట్లను అందరూ కలిసి వాడుకుంటారు. వారంటీ గడువు లోపల ఉన్న కొత్త బండికి మొదటిది చాలు. వారంటీ దాటిన బండికి రెండోదే నిజంగా పనికివస్తుంది.

పాత బండ్ల క్లబ్బుల సంగతి ఇంకా లోతైనది. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ ఈ రకంలో ప్రసిద్ధమైనది. అక్కడ 25 ఏళ్ళు దాటిన బండ్లను అర్హమైనవిగా తీసుకుంటారు. పాత బండ్ల క్లబ్బుల విలువ రైడ్లలో కంటే వాటి దగ్గర పోగైన జ్ఞానంలో ఉంది. పాత మాన్యువళ్ళు, విడిభాగాల పట్టికలు, ఫ్రేము నంబరును బట్టి బండి తయారైన సంవత్సరాన్ని తేల్చగల రికార్డులు, మాగ్నెటో (పాత ఇంజిన్లలో స్పార్కుకు కరెంటు పుట్టించే భాగం) మరమ్మతు తెలిసిన పెద్దలు, ఇవన్నీ ఒక తరం గడిస్తే మళ్ళీ దొరకనివి. కార్బ్యురేటర్ ట్యూనింగు, స్పార్కు సరైన సమయంలో వచ్చేలా కాంటాక్ట్ పాయింట్ల ఎడం సరిచూడడం, ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల పాత రబ్బరు గొట్టాలు, సీళ్ళు పాడవకుండా చూసుకోవడం వంటివి పుస్తకం చదివి నేర్చుకోవడం కంటే పక్కన నిలబడి చూస్తూ నేర్చుకోవడమే తేలిక. చేతులకు నూనె అంటడం ఇష్టమున్న వ్యక్తికి ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం.

అయితే రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. అటువంటి క్లబ్బులో నెలల తరబడి బండి నడవకుండా బల్ల మీదే ఉండిపోవడం మామూలే, కాబట్టి ప్రతి ఆదివారం రోడ్డు మీద ఉండాలనుకునే వారికి అది సరిపడదు. రెండోది భద్రతకు సంబంధించినది. 1970ల మధ్య వరకు వచ్చిన చాలా బ్రిటిష్ బండ్లలో గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి ఉండేవి, పైగా పాత డ్రమ్ము బ్రేకులు ఈనాటి డిస్కు బ్రేకుల్లా బండిని ఆపలేవు. పాత బండ్లనూ కొత్త బండ్లనూ ఒకే రైడులో కలిపే క్లబ్బు పాత బండ్ల ముందు ఎక్కువ ఎడం ఉంచుతుందో లేదో కనిపెట్టాలి.

నైపుణ్యాన్ని పెంచే క్లబ్బులు: ట్రాక్, ఆఫ్‌రోడ్, ట్రయల్స్, జింఖానా

మోటార్‌సైకిల్ ప్రమాదాల మీద జరిగిన అధ్యయనాల్లో 1981లో అమెరికాలో వెలువడిన హర్ట్ నివేదికను ఇప్పటికీ తలచుకుంటారు. పరిశోధకులు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 ప్రమాదాలను ఆయా స్థలాలకే వెళ్ళి పరిశీలించారు. ప్రమాదాల్లో చిక్కుకున్న రైడర్లలో 92 శాతం మంది తమంతట తాముగా గాని, ఇంట్లో వారి దగ్గరో స్నేహితుల దగ్గరో గాని నడపడం నేర్చుకున్నవారు. ప్రమాద క్షణంలో చాలామంది వెనక బ్రేకును అతిగా నొక్కి, ముందు బ్రేకును తగినంత వాడలేకపోయారు. ఏ క్లబ్బయినా తన సభ్యులకు నిజమైన మేలు చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఈ నివేదిక చెబుతూనే ఉంది. అందుకే శిక్షణకు చోటిచ్చే క్లబ్బులను నేను పై మెట్టులో ఉంచుతాను.

వీటిలో అందరినీ ఆకర్షించేది ట్రాక్. ఎదురుగా వాహనాలు, గుంతలు, పాదచారులు లేని చోట బండి వంపును, బ్రేకును, చూపును సాధన చేయడం గొప్ప అవకాశమే. సరిగా నిర్వహించే ట్రాక్ డేలో, అంటే మామూలు రైడర్లు రేస్ ట్రాక్ మీద నడిపే రోజున, రైడర్లను అనుభవాన్ని బట్టి గుంపులుగా విడదీస్తారు, అద్దాలు తీసేయమనో వాటికీ లైట్లకూ టేపు అంటించమనో చెబుతారు, బయలుదేరే ముందు జెండాల అర్థం వివరిస్తారు: పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది కనుక ఎవరినీ దాటకూడదు, ఎరుపు కనిపిస్తే సెషన్ ఆగినట్టు, నలుపు ఎవరికి చూపిస్తే వారు పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటికి) రావాలి. కొన్ని క్లబ్బులు ట్రాక్‌ను అద్దెకు తీసుకుని వదిలేస్తాయి, కొన్ని ప్రతి గుంపుకూ శిక్షకులను ఇస్తాయి. మొదటి రకానికి వెళ్ళే ముందు నైపుణ్యం ఉండాలి, రెండో రకంలో నైపుణ్యం సంపాదించుకోవచ్చు. ఖర్చు మాత్రం రెండింటిలోనూ ఎక్కువే: తోలు సూటు, టైర్లు, ట్రాక్ రుసుము, బండిని అక్కడికి చేర్చే ఖర్చు. రోడ్డు కోసం తీసుకున్న బీమా ట్రాక్ మీద వర్తించకపోవడం సాధారణం కనుక పాలసీ పత్రాన్ని ముందే చదివి వెళ్ళాలి.

ఆఫ్‌రోడ్ అన్న ఒక్క మాట కింద చాలా భిన్నమైన ఆటలు ఉన్నాయి. మోటోక్రాస్ వేగం, దూకుళ్ళు, దేహ బలం కోరుతుంది, గాయాలు కూడా ఎక్కువ. ఎండ్యూరోలో దూరం, ఓర్పు, బండిని సొంతంగా చూసుకోవడం ముఖ్యం. 1913లో ఇంగ్లండులోని కార్లైల్‌లో మొదలైన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ సంప్రదాయంలో మరమ్మతులు రైడరే, నిర్ణీత సమయంలో చేసుకోవాలి. అందువల్ల మంచి ఎండ్యూరో క్లబ్బులో చేరిన వ్యక్తి అడవి మధ్యలో టైరు విప్పి ట్యూబు మార్చడం నేర్చుకునే తీరతారు. ఈ క్లబ్బులన్నిటి మనుగడా నేల మీద ఆధారపడి ఉంటుంది: వారు నడిపే భూమి యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉందా, సైలెన్సరు శబ్దానికి పరిమితి పెట్టారా అని అడగండి. అనుమతి లేని చోట నడిపే క్లబ్బు తనకే కాక చుట్టుపక్కల రైడర్లందరికీ దారులు మూసేస్తుంది, దానికి దూరంగా ఉండటమే మంచిది.

ట్రయల్స్ గురించి చాలామందికి తెలియదు, నాకు అదే బాధ. ట్రయల్స్ బండికి కూర్చోవడానికి సీటు దాదాపు ఉండదు, వేగం నడక వేగం దగ్గరే ఉంటుంది, రైడర్ నిలబడి రాళ్ళ మీద, వాగుల్లో, నిటారు గట్ల మీద బండిని నడిపించాలి. కాలు ఒకసారి నేలకు ఆనితే 1 పాయింటు, రెండుసార్లు ఆనితే 2, అంతకు మించి ఎన్నిసార్లు ఆనినా 3, ఆగిపోతేనో పడిపోతేనో 5. చివరికి ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వారు గెలుస్తారు. వేగం తక్కువ కనుక పడినా దెబ్బలు సాధారణంగా చిన్నవే, చిన్న స్థలం చాలు, పిల్లలూ అరవై దాటినవారూ ఒకే రోజున ఒకే చోట పోటీ పడగలరు. క్లచ్చు, త్రాటిల్, వెనక బ్రేకు మీద ఇక్కడ వచ్చే పట్టు రోడ్డు మీద జీవితాంతం పనికివస్తుంది. మీ దగ్గరలో ట్రయల్స్ క్లబ్బు ఉంటే, మీ ఆసక్తి వేరే దేని మీద ఉన్నా సరే, ఒకసారి వెళ్ళి చూడమని నేను ప్రత్యేకంగా కోరుతున్నాను.

తారు నేల మీదే ఉంటూ ఇటువంటి పట్టు సాధించాలనుకునే వారికి జింఖానా ఉంది. ఖాళీ మైదానంలో కోన్లు పేర్చి, వాటి మధ్య ఎనిమిది అంకె ఆకారంలో, ఇరుకు వలయాల్లో బండి తిప్పుతూ సమయం చూసుకోవడమే ఆట. రోజూ వాడే బండితోనే చేయవచ్చు, క్రాష్ గార్డు ఉంటే చాలు. డబ్బు తక్కువగా ఉండి నైపుణ్యం పెంచుకోవాలనుకునే వారికి ట్రాక్ కంటే జింఖానానే నేను ముందు సూచిస్తాను.

సేవ, స్నేహం ప్రధానమైన క్లబ్బులు

కొన్ని క్లబ్బులకు బండి ఒక నెపం, మనుషులు కలవడమే అసలు పని. 2012లో సిడ్నీలో మొదలై ఎన్నో దేశాలకు వ్యాపించిన డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్‌లో రైడర్లు చక్కగా సూట్లు ధరించి పాత తరహా బండ్ల మీద ఊరేగి, పురుషుల ఆరోగ్యం కోసం, అందులోనూ ప్రోస్టేట్ క్యాన్సరు, మానసిక ఆరోగ్యం కోసం విరాళాలు సేకరిస్తారు. రక్తదానం, పిల్లలకు బొమ్మలు పంచడం వంటి పనులు చేసే స్థానిక క్లబ్బులు కూడా ఈ కోవలోవే. వీటిలో చేరే ముందు గడచిన ఏడాది ఎంత సేకరించారు, ఎవరికి ఇచ్చారు, లెక్కలు సభ్యులకు చూపించారా అన్నవి తెలుసుకుంటే చాలు.

మహిళల క్లబ్బులకు సుదీర్ఘ చరిత్ర ఉంది. మహిళల అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సంఘం 1950లోనే ఏర్పడింది. కొత్తగా నడపడం మొదలుపెట్టిన మహిళకు, ఎత్తైన సీటున్న బండిని ఎలా నిలపాలి, పడిన బండిని నడుము పట్టేయకుండా ఎలా లేపాలి, తన కొలతలకు సరిపోయే జాకెట్టు ఎలా ఎంచుకోవాలి వంటి ప్రశ్నలకు అక్కడ అనుభవంతో కూడిన సమాధానాలు దొరుకుతాయి. మిశ్రమ క్లబ్బులో ఉంటూనే ఇందులో కూడా సభ్యత్వం ఉంచుకోవడం ఉత్తమం.

వీపు మీద పెద్ద చిహ్నం ధరించి, కఠినమైన హోదాల క్రమం పాటించే క్లబ్బులు ఇంకొక తరహా. పూర్తి సభ్యత్వానికి ముందు నెలల తరబడి పరీక్షా కాలం ఉంటుంది, సమావేశాలకు తప్పక హాజరవ్వాలి, ఇతర క్లబ్బులలో సభ్యత్వానికి ఒప్పుకోకపోవచ్చు. గాఢమైన సోదరభావం కోరుకునే వారికి అది దొరుకుతుంది. కుటుంబానికీ ఉద్యోగానికీ పోగా మిగిలిన కొద్దిపాటి సమయంలో బండి నడపాలనుకునే వారు మాత్రం ఇటువైపు రాకపోవడమే మంచిది.

చేరే ముందు చూడవలసినవి

ఏ క్లబ్బయినా సభ్యత్వ రుసుము కట్టకముందు అతిథిగా ఒక రైడుకూ, ఒక సమావేశానికీ వెళ్ళాలి. బయలుదేరే ముందు దారి, ఆగే చోట్లు, చేతి సైగలు వివరించారా? అందరి వివరాలూ, అత్యవసరమైతే ఫోను చేయవలసిన నంబర్లూ రాసుకున్నారా? చెప్పులతోనో, ధ్రువీకరణ లేని హెల్మెట్టుతోనో వచ్చిన వ్యక్తిని రైడుకు రానిచ్చారా, ఆపారా? ఈసీఈ 22.06 వంటి హెల్మెట్టు భద్రతా ప్రమాణానికి తగిన హెల్మెట్టు ఉండాలని నియమం పెట్టి, దానిని పాత సభ్యులకు కూడా వర్తింపజేసే క్లబ్బు మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది. ఎవరి బండికైనా పంక్చరైతే అందరూ ఆగారా, ఇద్దరు ముగ్గురే ఆగి మిగిలినవారు క్షేమమైన చోట ఎదురుచూశారా, లేక ఎవరూ గమనించకుండానే సాగిపోయారా అన్నది కూడా తప్పక చూడండి. తిరిగి వచ్చాక జరిగే కబుర్లను జాగ్రత్తగా వినండి. ఎవరు ఎంత వేగం అందుకున్నారన్నదే అక్కడ గొప్ప విషయమైతే, తరువాతి రైడులో మీ మీద కూడా ఆ ఒత్తిడి పడుతుంది.

సమావేశంలో గడచిన ఏడాది రైడ్ల పట్టిక అడిగి, ఒక్కొక్క దానిని ఎవరు నడిపించారో చూడండి. పది రైడ్లను ఆరేడుగురు వేర్వేరు సభ్యులు నడిపించి ఉంటే, ఆ క్లబ్బులో కొత్తవారికి బాధ్యతలు నేర్పిస్తున్నారని అర్థం. మీరూ కొన్నాళ్ళకు స్వీప్‌గా, ఆ తరువాత లీడ్‌గా ఎదగగలరు. అన్నిటినీ ఒక్కరే నడిపించి ఉంటే, ఆ వ్యక్తి ఎంత సమర్థులైనా సరే, వారికి తీరిక లేని ఏడాది క్లబ్బు కార్యక్రమాలు నిలిచిపోతాయి. అటువంటి చోట పూర్తి ఏడాది రుసుము కట్టకుండా, వీలైనంత కాలం అతిథిగానే వెళ్తూ ఉండండి.